టోనీ గ్రెగరీ 1982 ఒప్పందం: పేట హక్కా, ఒక్క ఓటుకు కట్టించుకున్న రేటా?

లిఫీ_గట్టు:
డబ్లిన్‌లో కస్టమ్ హౌస్ పక్కన ఐఎఫ్ఎస్‌సీ (అంతర్జాతీయ ఆర్థిక సేవల కేంద్రం) ఆఫీసుల్లో మనవాళ్లు చాలామందే పనిచేస్తున్నారు. ఆ నేల మీద 1982లో ఎంత పెద్ద బేరం నడిచిందో చాలామందికి తెలియదు, అందుకే ఈ చర్చ.

టోనీ గ్రెగరీది ఉత్తర డబ్లిన్‌లోని బాలీబో. స్కూల్లో ఐరిష్, చరిత్ర చెప్పిన టీచరు. 1979లో కార్పొరేషన్‌కు, 1982 ఫిబ్రవరిలో డబ్లిన్ సెంట్రల్ నుంచి పార్లమెంటుకు ఇండిపెండెంటుగా గెలిచాడు. ఎవరికీ మెజారిటీ రాలేదు. ఫియనా ఫాల్ నాయకుడు చార్లీ హాహీ, ఫిన గేల్ నాయకుడు గారెట్ ఫిట్జెరాల్డ్ ఇద్దరూ సమ్మర్‌హిల్ పరేడ్‌లోని ఆయన ఆఫీసు మెట్లెక్కారు. చివరికి హాహీతో కుదిరింది. నోటిమాట కాదు, రాతకోతలే. హాహీ, గ్రెగరీ సంతకాలు పెట్టారు, కార్మిక సంఘం నాయకుడు మైకేల్ ముల్లెన్ సాక్షి. మార్చి 9న గ్రెగరీ దాన్ని సభలో చదివి రికార్డుకెక్కించాడు.

అందులో ముఖ్యమైనవి: ఇళ్లకు 9 కోట్ల 10 లక్షల ఐరిష్ పౌండ్లు, దానితో ఆయన నియోజకవర్గంలో 440 ఇళ్లు, మిగతా డబ్లిన్‌లో 1,600. నగరం నడిబొడ్డున 500 మందికి పని ఇవ్వడానికి 40 లక్షల పౌండ్లు. మూడేళ్లలో 3,746 ఉద్యోగాలు. రేవు బోర్డు చేతిలో ఉన్న 27 ఎకరాలు ప్రభుత్వం తీసుకోవడం.

ప్రజాప్రతినిధి చేయాల్సిన పనే చేశాడా? లేక ఖజానాను వేలానికి పెట్టించాడా?

లెక్కల_మాస్టారు:
ముందు ఓట్ల లెక్క చూద్దాం. మొత్తం 166 సీట్లు. స్పీకరు కుర్చీలోకి వెళ్లిన ఇండిపెండెంటు జాన్ ఓకానెల్‌ను తీసేస్తే 165. హాహీకి 86, ఎదుటి పక్షానికి 79. గ్రెగరీ అటు వేసి ఉన్నా 85–80, హాహీ ఎలాగూ ప్రధానే. అవసరమే లేని ఓటుకు జనం సొమ్ము రాసిచ్చారు. దీన్ని విజయమని పండగ చేసుకోవడం నాకు మింగుడుపడదు.

సమ్మర్‌హిల్_అక్క:
మాస్టారూ, మీ లెక్క ఫలితం వచ్చాక వేసింది. బేరం నడిచిన రోజుల్లో నిలబడి వేయండి. ఫియనా ఫాల్ 81, ఇండిపెండెంటు నీల్ బ్లేనీ తోడైతే 82. అటు ఫిన గేల్ 63, లేబర్ 15, ఇండిపెండెంటు జిమ్ కెమ్మీ ఒకరు, మొత్తం 79. మిగిలింది గ్రెగరీ ఒకరు, వర్కర్స్ పార్టీవాళ్లు ముగ్గురు. ఆ నలుగురూ అటు పోతే 82–83, హాహీ ఓడిపోతాడు. గ్రెగరీ ఒక్కడు ఇటొస్తే 83–82, ఆ ముగ్గురు ఎటు పోయినా గెలుపే. ఆ ముగ్గురి ఓటు హాహీ జేబులో ఉన్నది కాదు. మరి అవసరం లేని ఓటు ఎలా అయింది?

లెక్కల_మాస్టారు:
ఆ ముగ్గురే చాలని మీ అంకెలే చెప్తున్నాయి. 82కు మూడు కలిపితే 85.

బెజవాడ_బాబ్జీ:
ఇక్కడైనా అక్కడైనా నాయకులు ఒకటే. మా వీధి దీపం పోయిందని కౌన్సిలరుకు రాస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు.

వార్డు_ఫైలు:
బాబ్జీ గారూ, స్తంభం మీద నంబరు ఉంటుంది. ఆ నంబరు, దగ్గరి ఇంటి ఎయిర్‌కోడ్ (ఐరిష్ పిన్‌కోడు) రాసి ముందు కౌన్సిల్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. వచ్చిన రిఫరెన్సు నంబరుతో కౌన్సిలరుకు రాయండి. “మా వీధిలో దీపం లేదు” అని మాత్రమే రాస్తే ఏ స్తంభమో తెలియక ఫైలు అక్కడే ఆగిపోతుంది.

అసలు చర్చకు వస్తే, ఐరిష్ కౌన్సిలరుకు ఏ అధికారం ఉందో తెలియకపోతే గ్రెగరీ పార్లమెంటులో ఎందుకు పట్టుబట్టాడో అర్థం కాదు. బడ్జెట్టు, అభివృద్ధి ప్రణాళిక, ఇళ్ల కేటాయింపు నియమాలు సభ్యులు ఓటేసి ఆమోదిస్తారు. ఆ నియమాల కింద ఫలానా ఇల్లు ఫలానా కుటుంబానికి ఇవ్వడం మాత్రం అధికారుల పని. ఇప్పుడు చీఫ్ ఎగ్జిక్యూటివ్ అంటున్నాం, అప్పట్లో మేనేజరు. 2001 స్థానిక ప్రభుత్వ చట్టం 140వ సెక్షను కింద సభ్యులు కొన్ని పనులు చేయమని ఆయన్ను ఆదేశించవచ్చు, ఇల్లు ఎవరికివ్వాలన్న విషయంలో మాత్రం అది చెల్లదు. పైగా ఇళ్లు కట్టే డబ్బు కేంద్రం నుంచే రావాలి. కార్పొరేషన్‌లో ఎంత అరిచినా 440 ఇళ్లు రావు. తాళంచెవి ఆర్థిక శాఖ దగ్గర ఉంది.

కరీంనగర్_పోరడు:
మరి టీడీ (గదే, ఇక్కడి ఎంపీ) ఉత్తరం రాస్తె ఇల్లు తొందరగ అస్తది అంటరు గదన్నా, ఉత్త మాటేనా?

వార్డు_ఫైలు:
వరుస మారదు తమ్ముడూ. డబ్లిన్‌లో అవసరాన్ని బట్టి బ్యాండ్లు ఉంటాయి, బ్యాండు లోపల దరఖాస్తు తేదీ చూస్తారు. ఉత్తరం వల్ల ఫైలు ఎందుకు ఆగిందో తెలుస్తుంది. ఎక్కువగా ఆగేది రెండు చోట్ల. ఆరోగ్య కారణంతో ప్రాధాన్యం అడిగినప్పుడు డాక్టరు జబ్బు పేరు రాసి ఊరుకుంటాడు. ఇప్పుడున్న ఇల్లు ఆ జబ్బును ఎలా పెంచుతోందో రాయడు. మెట్లెక్కలేకపోవడమా, గోడల చెమ్మా, ఏదో ఒకటి కనబడాలి కదా. రెండోది, ఇంకా ఇల్లు కావాలా అని కౌన్సిల్ అడిగే ఉత్తరానికి జవాబివ్వకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తారు. అద్దె ఇళ్లు మారేవాళ్లకు ఆ ఉత్తరం పాత చిరునామాకు పోతుంది. గ్రెగరీ లాంటివాళ్లు జనాన్ని కలిసి సమస్యలు వినే ‘క్లినిక్కు’ల్లో సగం పని ఇలాంటిదే.

లెక్కల_మాస్టారు:
నేననేదీ అదే. వరుస ఉండాలి, నియమం ఉండాలి. గ్రెగరీ చేసింది దానికి ఎదురు. సొంత నియోజకవర్గానికి ఒక మూట కట్టించుకున్నాడు. పైగా 1982 నవంబరుకల్లా ప్రభుత్వం పడిపోయింది. కాగితం కాగితంగానే మిగిలింది.

సమ్మర్‌హిల్_అక్క:
సొంత మూట అన్నది తప్పు. 2,040 ఇళ్లలో ఆయన నియోజకవర్గానికి 440. ఐదోవంతు కంటే కాస్త ఎక్కువ. మిగిలిన 1,600 బయటివాళ్లకు. సొంత మూట కట్టుకునేవాడు ఇలా కడతాడా? ఆ జాబితాలో క్లాండాల్కిన్ కాగితం మిల్లును జాతీయం చేయడం కూడా ఉంది. క్లాండాల్కిన్ నగరానికి నైరుతిన ఎక్కడో ఉంది, అక్కడ ఆయనకు ఒక్క ఓటు లేదు.

ఇక ప్రభుత్వం పడిందన్నది నిజమే. తర్వాత వచ్చిన ఫిన గేల్–లేబర్ ప్రభుత్వం ఆ హామీల్లో చాలావాటిని అమలు చేయలేదు, అదీ నిజమే. కానీ లిఖితపూర్వకంగా, సభ రికార్డులో ఉన్నందుకు ఏ హామీ ఎగ్గొట్టారో ఎవరైనా చూడొచ్చు. గదిలో చెయ్యి కలిపి వచ్చి ఉంటే అదీ ఉండేది కాదు.

లెక్కల_మాస్టారు:
27 ఎకరాల సంగతి చెప్పండి మరి. 1986లో పట్టణ పునరుద్ధరణ చట్టం, కస్టమ్ హౌస్ డాక్స్ అథారిటీ, 1987లో ఐఎఫ్ఎస్‌సీ, 10 శాతం కంపెనీ పన్ను. పేదల ఇళ్లకని అడిగిన నేలలో బ్యాంకులు వచ్చాయి. మీ నాయకుడి బేరం చివరికి ఎవరికి లాభించింది?

సమ్మర్‌హిల్_అక్క:
నేల ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చింది, దానిమీద ఏం కట్టాలో చెప్పే హక్కు పక్కనే ఉన్న షెరిఫ్ స్ట్రీట్ జనానికి రాలేదు. ఇది ఒప్పందంలోని లోపమే, కాదనను. ఎకరాలు రాశారు, వాడకం గురించి గట్టిగా రాయించుకోలేదు. సగం నేల ఇళ్లకని, ఉద్యోగాల్లో ఇంత స్థానికులకని షరతు ఉండి, దాన్ని అమలు చేసే బోర్డులో పేటవాళ్లకు కుర్చీ ఉంటే కథ వేరు. 1997లో డాక్‌లాండ్స్ అథారిటీ వచ్చాక కొత్త ఇళ్లలో 20 శాతం సామాజిక, అందుబాటు ధర ఇళ్లు ఉండాలన్న లక్ష్యం పెట్టారు. అప్పటికి ఐఎఫ్ఎస్‌సీ మొదటి భవనాలు లేచి ఏళ్లు గడిచాయి.

కరీంనగర్_పోరడు:
అక్కా, గా ఏరియాల డ్రగ్స్ లొల్లి ఎన్కట్నుంచే ఉన్నదా? గాయన దానికేం జేసిండు?

సమ్మర్‌హిల్_అక్క:
1980 చుట్టుపక్కలే హెరాయిన్ దిగింది. 1982–83లో ఉత్తర నడిబొడ్డున ఒక ప్రాంతంలో అధ్యయనం చేస్తే 15 నుంచి 24 ఏళ్లవాళ్లలో పదిమందిలో ఒకరు ఏడాదిలో హెరాయిన్ వాడినట్టు తేలింది. బ్రాడ్‌షా నివేదిక అంటారు. ఆ అంకె చేతిలో ఉండి కూడా ప్రభుత్వం కదలలేదు. తల్లిదండ్రులే సంఘం కట్టి అమ్మేవాళ్ల గుమ్మాల ముందు నిలబడ్డారు. అమ్మేవాళ్లెవరో పేర్లతో తెలిసినా పట్టుకోలేకపోతున్నారని, అమ్మేవాళ్ల ఆస్తి మీద పడాలని గ్రెగరీ ఏళ్ల తరబడి సభలో అడిగాడు. 1996 జూన్‌లో జర్నలిస్టు వెరోనికా గెరిన్‌ను చంపాక గానీ చట్టం రాలేదు. అదే ఏడాది నేరార్జిత ఆస్తుల చట్టం, క్రిమినల్ అసెట్స్ బ్యూరో. అప్పటి చట్టంలో 10,000 పౌండ్లు, ఆపైన విలువైన ఆస్తి నేరపు సొమ్మని కోర్టును ఒప్పిస్తే చాలు, మనిషికి శిక్ష పడనక్కర్లేదు. అయితే స్తంభింపజేసిన ఆస్తిని పూర్తిగా స్వాధీనం చేసుకోవడానికి ఏడేళ్లు ఆగాలని పెట్టారు. వచ్చిన డబ్బు ఖజానాకు పోయింది, నష్టపోయిన వీధులకు కాదు. నాకు అన్నిటికంటే మండేది ఇదే.

లెక్కల_మాస్టారు:
మళ్లీ అదే. వచ్చిన ప్రతి పైసా ఆ వీధులకే రావాలా? డ్రగ్స్‌తో చచ్చిన పిల్లలు శివార్లలో, టాలాలో లేరా, బాలీమన్‌లో లేరా? దశాబ్దాలుగా చూస్తున్నా, నగరం నడిబొడ్డు అనగానే ప్రత్యేక పథకం. 2016లో ముఠాల కాల్పుల తర్వాత కీరన్ మల్వీతో నివేదిక రాయించి 2017లో ఈశాన్య నడిబొడ్డుకు మళ్లీ ప్రత్యేక బోర్డు. లైన్లో ఓపిగ్గా నిలబడ్డ మిగతా జనం వెర్రివాళ్లా? గట్టిగా అరిచే టీడీ లేకపోవడం వాళ్లు చేసిన నేరమా?

సమ్మర్‌హిల్_అక్క:
నోరు జాగ్రత్త మాస్టారూ. వెర్రివాళ్లని నేననలేదు, మీరు నా నోట పెట్టకండి.

ఆ లైను ఎవరు గీశారో చూడండి. రేవులో కంటైనర్లు వచ్చాక వందమంది మోసే సరుకు క్రేను ఒక్కటి దించింది, రేవు కూలీ పని పోయింది. అదే కాలంలో రోడ్లు వెడల్పు చేయాలని సమ్మర్‌హిల్‌లో పాత మేడలు పడగొట్టారు. జనాన్ని శివార్లకు పంపారు. ఇదంతా నియమం ప్రకారమే జరిగింది, ఎవరూ వరుస తప్పలేదు. నియమమే పేటను ఖాళీ చేయించింది. దానికి అడ్డం పడాలంటే నియమం బయట నుంచే పడాలి.

లెక్కల_మాస్టారు:
శివార్లకు పంపడం శిక్షన్నట్టు మాట్లాడుతున్నారు. వాననీరు కారే ఒక్క గదిలో ఎనిమిదిమంది ఉన్న కుటుంబానికి మూడు గదులు, బాత్రూమ్ ఇచ్చారు. అదే డబ్బుతో ఖాళీ పొలంలో ఎక్కువ ఇళ్లు లేస్తాయి. పాత పునాదులు తవ్విపోసి, ఇరుకు సందుల్లో గోడ గోడకూ ఆనుకుని కట్టడం ఎంత ఖర్చో మీకూ తెలుసు. నాకు ముఖ్యం ఎన్ని కుటుంబాలకు కప్పు దొరికిందన్నది. ఏ వీధిలో అన్నది కాదు.

సమ్మర్‌హిల్_అక్క:
ఇదీ అసలు మాట. ఇప్పటిదాకా 85, 83 అంటూ తిరిగాం గానీ మన తగవు ఓట్ల మీద కాదు. మీకు ఇల్లంటే కప్పు. గ్రెగరీకి, నాకు, ఇల్లంటే ఆ చోటులోనే ఉండగలగడం.

చోటు లెక్కలో పెట్టకపోతే ఏమవుతుందో బాలీమన్ చెప్పింది. 1960ల చివర్లో ఏడు టవర్లు, ఒక్కోటి 15 అంతస్తులు. కుటుంబాలు ముందు వచ్చాయి, దుకాణాలూ ఆటస్థలాలూ తర్వాత వచ్చాయి. 1984లో ప్రభుత్వ ఇల్లు వదిలేసి సొంత ఇల్లు కొనుక్కుంటే 5,000 పౌండ్లిచ్చే పథకం పెట్టారు. ఉద్యోగం ఉన్నవాళ్లు వెళ్లిపోయారు, సంఘాలు నడిపేవాళ్లూ వాళ్లే. ఖాళీ ఫ్లాట్లలోకి ఏ ఆసరా లేనివాళ్లను పెట్టారు. 2004 నుంచి 2015 మధ్య ఆ టవర్లన్నీ కూల్చారు. పొలంలో చవకగా కట్టామన్న ఇళ్ల ఖర్చులో ఆ కూల్చివేత కలపండి. మళ్లీ కట్టిన ఖర్చు కలపండి. అప్పుడు చూద్దాం ఏది చవకో.

లిఫీ_గట్టు:
ఇద్దరూ కాస్త శాంతించండి. చర్చ ఇప్పుడే దారిలో పడింది.

లెక్కల_మాస్టారు:
బాలీమన్‌లో తప్పు కట్టిన తీరులో ఉంది, శివారు కావడంలో లేదు. బస్సు, బడి, దుకాణం ముందే పెట్టి ఉంటే నిలబడేది. పుట్టిన వీధిలోనే ఇల్లు హక్కంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆ లెక్కన కొత్తగా వచ్చినవాడికి, బ్రెజిల్‌వాడికైనా మనకైనా, ఆ వీధిలో ఎప్పటికీ చోటుండదు. ఉత్తర నడిబొడ్డులో ఇప్పుడున్న అద్దెదారుల్లో ఎంతమంది అక్కడ పుట్టారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పండి.

సమ్మర్‌హిల్_అక్క:
న్యాయమైన ప్రశ్న. పుట్టినవాళ్లకే అని నేననడం లేదు. ఉంటున్నవాళ్లను కదపకూడదంటున్నాను, నిన్న వచ్చినవాళ్లను కూడా. మోర్ స్ట్రీట్ బండ్లవాళ్ల తరఫున పోట్లాడి, శాంతి బాండు మీద సంతకం పెట్టనని గ్రెగరీ మౌంట్‌జాయ్ జైలుకు పోయాడు. ఇప్పుడు అదే వీధిలో వలస వచ్చినవాళ్ల దుకాణాలు ఉన్నాయి. రేపు అక్కడ పెద్ద కట్టడం కోసం వాళ్లను లేపితే, బండ్లవాళ్లకు చేసిన వాదనే వాళ్లకూ చేయాలి. మీరు చేస్తారా?

లెక్కల_మాస్టారు:
నష్టపరిహారం సరిగ్గా ఇస్తే లేపడం తప్పనను. ఇక్కడ మనిద్దరికీ కుదరదు.

కరీంనగర్_పోరడు:
మనోళ్లకు గీ ఓటుల హక్కే లేదు గదా, మనమెందుకు కొట్లాడుకునుడు?

వార్డు_ఫైలు:
లేదని ఎవరు చెప్పారు తమ్ముడూ? పార్లమెంటుకు ఐరిష్, బ్రిటిష్ పౌరులే వేయాలి. స్థానిక ఎన్నికల్లో మాత్రం 18 దాటి ఇక్కడ నివసించే ఎవరైనా వేయవచ్చు, ఏ దేశపు పాస్‌పోర్టైనా సరే, వర్క్ పర్మిట్ మీద ఉన్నా సరే. ఆన్‌లైన్‌లో పీపీఎస్ నంబరు (ప్రభుత్వ సేవలకు ఇచ్చే గుర్తింపు నంబరు), పుట్టిన తేదీ, ఎయిర్‌కోడ్ ఇచ్చి నమోదు చేసుకోవచ్చు. ఇల్లు మారితే మళ్లీ మార్చుకోవాలి, మనవాళ్ల పేర్లు తప్పిపోయేది అక్కడే. నార్త్ ఇన్నర్ సిటీ వార్డులో ఏడు సీట్లు. చెల్లిన ఓట్లను ఎనిమిదితో భాగించి ఒకటి కలిపితే కోటా. ఓటు 1, 2, 3 అని ప్రాధాన్య క్రమంలో వేస్తాం కాబట్టి మొదటి ఓటు వృథా అవుతుందన్న భయం అక్కర్లేదు. మాస్టారికి నచ్చినవాడికి 1, అక్కకు నచ్చినవాడికి 2 కూడా వేయొచ్చు. ఫారంలో ఎవరికైనా ఇబ్బంది వస్తే ఇక్కడే అడగండి, చెప్తాను.