అమ్మ బీపీ మాత్రలు పర్లాకిమిడిలో ఒకటి, పాతపట్నంలో ఒకటి. పాదాల వాపు మాత్రం తగ్గడం లేదు

ప్రశ్న (గజపతి జిల్లా నుంచి)

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడికి దగ్గరలోని ఒక పల్లె. మా అమ్మ వయసు 63 సంవత్సరాలు. నాలుగేళ్ల క్రితం ప్రభుత్వ ఆసుపత్రిలో బీపీ చూసినప్పుడు 168/98 ఉండడంతో రోజుకొక మాత్ర రాశారు. అప్పటి నుంచి ఆ మాత్రలను ఒడిశా ప్రభుత్వం మందులు ఉచితంగా ఇచ్చే నిరామయ కౌంటరులో తెచ్చుకుంటున్నాము. పోయిన సంవత్సరం అమ్మ రెండు నెలల పాటు పాతపట్నంలో మా అక్క ఇంట ఉన్నప్పుడు అక్కడి డాక్టరు గారు వేరొక మాత్ర రాశారు. ఇది ఇక్కడి మందు, అది అక్కడి మందు అనుకుని అమ్మ ఇంటికి వచ్చిన తరువాత కూడా ఒకటి పొద్దున, ఒకటి రాత్రి వేసుకుంటోంది.

నాలుగు నెలలుగా ఆమె రెండు చీలమండలూ వాస్తున్నాయి. పొద్దున కొంచెం తగ్గి, సాయంత్రానికి చెప్పులు పట్టనంతగా పెరుగుతాయి. మా ఊరి ఆర్‌ఎంపీ గారు నీరు లాగే మాత్ర ఇచ్చారు గానీ, దానివల్ల రాత్రిళ్లు నాలుగైదు సార్లు లేవడం తప్ప వాపు తగ్గలేదు. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ మాత్ర కూడా దాదాపు రోజూ వేసుకుంటుంది. మొన్న చూపిస్తే బీపీ 156/92 వచ్చింది. ఒంట్లో బాగున్న రోజున “తలనొప్పి నేదు గదా, మాత్తర ఎందుకురా” అని మానేస్తుంది. మందుల కవరు మీద ఎప్పుడు వేసుకోవాలో ఒడియాలో రాసి ఇస్తారు, అమ్మకు తెలుగు తప్ప మరొకటి చదవడం రాదు.

బీపీ మాత్రల వల్లే మూత్రపిండాలు పాడై కాళ్లు వాస్తున్నాయని ఊళ్లో అంటున్నారు. అది నిజమేనా? మాత్రలు ఆపాలా, లేక మోతాదు పెంచాలా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (గుణుపురం, మందుల దుకాణం)

ముందుగా ఒక చిన్న పని చేయండి. మీ అమ్మగారు వేసుకునే మాత్రల రేకులన్నీ ఒకచోట పెట్టి, వెనక్కి తిప్పి చూడండి. పెద్ద అక్షరాలతో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, దాని కింద చిన్న అక్షరాలతో ఉండేదే అసలు మందు పేరు. ఒడిశా, ఆంధ్ర సరిహద్దుకు అటూ ఇటూ తిరిగే మన ప్రాంతంలో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఒకే మందు ఆసుపత్రిలో ఒక పేరుతో, బయట దుకాణంలో మరొక పేరుతో, వేరే రంగులో దొరుకుతుంది. ఇంట్లోవాళ్లు అవి రెండు వేర్వేరు మందులనుకుని రెండూ వేస్తారు.

పేరు మొత్తం చదవలేకపోయినా చివరి అక్షరాలు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఆమ్లోడిపిన్, సిల్నిడిపిన్ వంటి ‘డిపిన్’లన్నీ ఒక కుటుంబం, టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటి ‘సార్టాన్’లు ఒక కుటుంబం, రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి ‘ప్రిల్’లు ఒక కుటుంబం, ఎటెనోలాల్, మెటోప్రోలాల్ వంటి ‘లాల్’లు ఇంకొక కుటుంబం. ఒకే మనిషి వేసుకునే మందుల్లో ఒకే కుటుంబానివి రెండు కనిపించినా, ‘ప్రిల్’తో పాటు ‘సార్టాన్’ కూడా కనిపించినా, వెంటనే డాక్టరును అడగాలి. రేకుల మీద ఏముందో ఇక్కడ రాయండి. అప్పటిదాకా మీ అంతట మీరు బీపీ మాత్రలు ఏవీ ఆపవద్దు.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పినట్టే చూశాను. ఆసుపత్రి మాత్ర మీద ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు అని ఉంది. పాతపట్నం మాత్ర మీద టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 అని రెండు పేర్లూ ఉన్నాయి. ఆర్‌ఎంపీ గారు ఇచ్చినది ఫ్యూరోసెమైడ్ 40. అంటే అమ్మ రోజుకు ఆమ్లోడిపిన్ 10 మిల్లీగ్రాములు వేసుకుంటోందన్నమాట. ఒక డాక్టరు రాసిన చీటీని మరొక డాక్టరుకు మేము ఎన్నడూ చూపించలేదు.

జవాబు (జయపురం, విశ్రాంత వైద్యుడు)

నేను కొరాపుట్ జిల్లాలో చాలా ఏళ్లు ప్రభుత్వ వైద్యునిగా పనిచేశాను. రోగిని చూడకుండా మందు మార్చమని చెప్పను. అయితే మీరు రాసినదానిలో తొందరపడవలసిన విషయం ఒకటి, నెమ్మదిగా సరిచేసుకోవలసినవి రెండు మూడు ఉన్నాయి.

తొందరపడవలసినది డైక్లోఫెనాక్ విషయంలో. సార్టాన్ మందు, నీరు లాగే మందు, ఈ తరహా నొప్పి మాత్ర, ఈ మూడూ ఒకేసారి ఒంట్లోకి వెళ్తే మూత్రపిండాలకు అందే రక్తం బాగా తగ్గిపోవచ్చు. ఎండాకాలంలోనో, విరేచనాలు పట్టుకున్నప్పుడో ఒంట్లో నీరు తగ్గితే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. పైగా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలిపి, బీపీని పెంచి, బీపీ మందుల పనిని కొంతవరకు చెడగొడతాయి. మీ ఊరివారు మూత్రపిండాల గురించి భయపడడం సరైనదే గానీ, వారు వేలు చూపించవలసినది బీపీ మాత్ర వైపు కాదు. ఏళ్ల తరబడి అదుపు లేని బీపీ, రోజూ మింగే నొప్పి మాత్ర, ఈ రెండూ మూత్రపిండాలను దెబ్బతీయగలవు. మోకాళ్లకు ప్రస్తుతానికి పారాసెటమాల్ సరిపోతుందేమో డాక్టరును అడగండి. మూత్రపిండాల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ పరీక్ష, రక్తంలో పొటాషియం, సోడియం పరీక్షలు ఈ వారంలోనే చేయించండి.

ఇక వాపు సంగతి. ఆమ్లోడిపిన్ గుండె నుంచి రక్తం తెచ్చే సన్నని ధమనుల గోడలను సడలిస్తుంది. దారి వెడల్పవుతుంది కనుక ఒత్తిడి తగ్గుతుంది. అయితే రక్తం తిరిగి వెళ్లే సిరల వైపు దారి అంతగా సడలదు. కాలువకు పై తూము పూర్తిగా ఎత్తి, కింది తూము ఉన్నట్టే వదిలేస్తే గట్ల వెంట నీరు ఊరినట్టు, కేశనాళికల నుంచి నీరు చుట్టూ ఉన్న కండలోకి ఊరుతుంది. నిలబడి పనిచేసేవారికి అది చీలమండల దగ్గర చేరుతుంది. ఇది ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు. అందుకే ఫ్యూరోసెమైడ్ ఎంత వేసినా ఇది పెద్దగా తగ్గదు, పైగా సోడియం, పొటాషియం పడిపోతాయి. ఒక మందు వల్ల వచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బు అనుకుని దానికి ఇంకొక మందు వేయడం మా వృత్తిలో తరచుగా జరిగే తప్పు, నేనూ తొలి రోజుల్లో చేశాను. ఆమ్లోడిపిన్ రోజుకు 10 మిల్లీగ్రాముల దాకా వాడదగినదే కాబట్టి మీ అమ్మగారు విషమేమీ మింగలేదు, కానీ 5 దగ్గర కన్నా 10 దగ్గర ఈ వాపు చాలా ఎక్కువగా కనిపిస్తుంది. టెల్మిసార్టాన్ సిరల వైపు దారిని కూడా సడలిస్తుంది కనుక తక్కువ మోతాదు ఆమ్లోడిపిన్‌కు దానిని జోడిస్తే వాపు తగ్గే అవకాశం ఉంది. అయినా గుండె, మూత్రపిండాలు, కాలేయం వల్ల వచ్చే వాపు కాదని డాక్టరు చేత్తో నొక్కి, గుండె విని, మూత్ర పరీక్ష చేసి తేల్చవలసిందే. ఒక్క కాలే వాచి నొప్పి పుడితే, లేదా పడుకుంటే ఆయాసం వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

మోతాదు పెంచాలా అని అడిగారు. ఒకే మందును రెట్టింపు చేస్తే బీపీ తగ్గేది కొంచెమే, ఇబ్బందులు పెరిగేది ఎక్కువ. ఒక్కొక్క మందు ఒక్కొక్క దారిలో పనిచేస్తుంది కాబట్టి రెండు కుటుంబాల మందులను తక్కువ మోతాదులో కలిపితే ఫలితం బాగుంటుంది. అందుకే రెండు బీపీ మందులు కలిసిన మాత్రలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అత్యావశ్యక మందుల పట్టికలో చేర్చింది. ప్రిల్, సార్టాన్ మందులు రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్ అనే పదార్థాన్ని అడ్డుకుంటాయి. క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్ వంటివి ఉప్పును మూత్రంలోకి పంపుతాయి. లాల్ మందులు గుండె వేగాన్ని తగ్గిస్తాయి, వాటిని ఇప్పుడు గుండె జబ్బు వంటి ప్రత్యేక కారణం ఉన్నప్పుడే ముందుగా రాస్తున్నాము. ఏ మార్పు చేసినా ఆ పూటే ఫలితం కోసం చూడకూడదు. ఆమ్లోడిపిన్ ఒంట్లో నిలకడకు రావడానికే వారం రోజులు పడుతుంది కనుక, మార్పు చేసిన నెలకు బీపీ చూసి తరువాతి అడుగు వేస్తాము. మీ అమ్మగారి వంటివారికి 140/90 కన్నా కిందికి తేవడం మొదటి గురి. మాత్ర పొద్దున వేసుకోవాలా, రాత్రి వేసుకోవాలా అని కూడా చాలామంది అడుగుతారు. బ్రిటన్‌లో 20 వేల మందికి పైగా పరిశీలించి 2022లో ప్రకటించిన అధ్యయనంలో తేడా కనబడలేదు. మరిచిపోకుండా వేసుకోగలిగిన వేళే మంచి వేళ.

మా కొండ ప్రాంతంలో బీపీకి వేర్లు తింటున్నామని చెప్పేవారు ఇంకా ఉన్నారు, కాబట్టి ఒక్క మాట. సర్పగంధ వేరు బీపీని తగ్గిస్తుందన్నది నిజమే. ముంబైకి చెందిన రుస్తుం జాల్ వకీల్ 1949లో దాని ఫలితాలను ప్రచురించిన తరువాతే ప్రపంచం దానిని పట్టించుకుంది, 1952లో దాని నుంచి రెసర్పిన్ అనే మందును వేరుచేశారు. అది మగతను, తీవ్రమైన దిగులును కలిగించడం వల్లా, అంతకన్నా మంచి మందులు రావడం వల్లా ఇప్పుడు వాడకం దాదాపు పోయింది. వేరులో ఎంత మందు ఉందో కొలిచేవారు ఉండరు. బీపీ మాత్రలతో పాటు దానిని కలిపి తినవద్దు.

జవాబు (రాయగడ నుంచి, పదకొండేళ్లుగా మందులు వాడుతున్న వ్యక్తి)

డాక్టరు గారు చెప్పిన తరువాత వైద్యం గురించి నేను చెప్పవలసింది లేదు. మాత్రలు మానేయడం గురించి మాత్రం నా అనుభవం చెబుతాను. నాలుగో సంవత్సరంలో నా బీపీ 128/80కి వచ్చినప్పుడు జబ్బు నయమైందనుకుని రెండు నెలలు మాత్రలు మానేశాను. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఏ బాధా లేదు. ఒకరోజు వేరే పని మీద ఆసుపత్రికి వెళ్తే 176/104 చూపించింది. ఆ 128 నా ఒంటిది కాదనీ, మాత్ర తెచ్చిపెట్టినదనీ ఆ రోజు అర్థమైంది. మీ అమ్మగారు తలనొప్పిని గుర్తుగా పెట్టుకున్నారు కదా, బీపీ చాలామందిలో ఏ గుర్తూ చూపించదని ఆమెకు ఓపికగా చెప్పండి.

నాకు మొదట రామిప్రిల్ ఇచ్చారు. మూడు నెలలు పొడి దగ్గు వదలలేదు. టీబీ ఏమోనని కఫం పరీక్ష కూడా చేయించుకున్నాను. చివరికి ఒక డాక్టరు గారు ఆ మందును ఆపి టెల్మిసార్టాన్ ఇస్తే కొన్ని వారాల్లో దగ్గు పోయింది. ఒక మందు పడకపోతే వేరొకటి ఉందన్న సంగతి తెలియక మా వీధిలో ఇద్దరు బీపీ మందులే వదిలేశారు.

ఇంకొకటి, మీ ఇంట్లో గుడాఖు అలవాటు ఉందా? మా ఇంట్లో ఆడవాళ్లు పళ్లకు గుడాఖు పట్టించుకునే బీపీ చూపించుకోవడానికి వెళ్లేవారు. అది పొగాకే కాబట్టి అప్పుడు చూస్తే అంకె ఎక్కువ వస్తుంది. అరగంట ముందు నుంచి గుడాఖు, టీ లేకుండా, అయిదు నిమిషాలు వెన్ను ఆనించి కూర్చుని, కాళ్లు నేల మీద పెట్టి, చేయి గుండె ఎత్తున ఉంచి, మాట్లాడకుండా రెండుసార్లు చూపించండి. చద్దన్నంలోకి ఎండుచేప, ఊరగాయ నంజుకునే ఇళ్లలో ఉప్పు గురించి కూడా ఆలోచించాలి. రోజంతటికీ ఒక చిన్న చెంచాడు మించకూడదని మా డాక్టరు గారు చెప్పారు. మానేయమంటే పెద్దవాళ్లు వినరు గనుక మా ఇంట్లో ఎండుచేపను వారానికి ఒక్కరోజుకు తగ్గించాము. ఉప్పుకు బదులు దొరికే పొటాషియం ఉప్పు మాత్రం డాక్టరును అడగకుండా కొనవద్దు, టెల్మిసార్టాన్ వాడేవారికి రక్తంలో పొటాషియం పెరగవచ్చు.

ఒడియా కవరు సంగతికి నేను చేసిన ఉపాయం ఇది. ఒక అట్టముక్క మీద మందు అసలు పేరు, మోతాదు, వేళ తెలుగులో రాసి, ఆసుపత్రి చీటీలతో పాటు ఒకే సంచిలో పెట్టాను. విజయనగరం వెళ్లినా, విశాఖపట్నం వెళ్లినా ఆ సంచి నాతో ఉంటుంది. నిరామయలో ఒక్కొక్కసారి మాత్ర రంగు మారుతుంది, అప్పుడు రేకు మీది పేరును అట్టముక్క మీది పేరుతో సరిచూసుకుంటాను.

ప్రశ్న అడిగినవారు (ఆరు వారాల తరువాత)

మీ అందరికీ కృతజ్ఞతలు. చీటీలన్నీ తీసుకుని మళ్లీ ఆసుపత్రికి వెళ్లాము. డాక్టరు గారు అన్నీ ఒకచోట చూడడం అదే మొదటిసారి. అమ్మ కాళ్లు, గుండె పరీక్షించి, రక్త, మూత్ర పరీక్షలు చేయించారు. క్రియాటినిన్ 1.3 వచ్చింది, సోడియం కొంచెం తక్కువగా ఉంది. ఫ్యూరోసెమైడ్‌నూ డైక్లోఫెనాక్‌నూ ఆపించి, విడిగా వేసుకునే ఆమ్లోడిపిన్ తీసేసి, టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 కలిసిన మాత్ర ఒక్కటే ఉంచారు. రెండు వారాలు గడిచేసరికి వాపు బాగా తగ్గింది, ఇప్పుడు సాయంత్రం మాత్రమే కొద్దిగా కనిపిస్తుంది. నిన్నటి బీపీ 138/84, నిలబెట్టి చూస్తే 132/82. మాత్ర ఒక్కటే అయ్యేసరికి అమ్మ మానేయడం కూడా తగ్గించింది. మోకాళ్ల నొప్పి మాత్రం ఉంది. పారాసెటమాల్‌తో పూర్తిగా తగ్గడం లేదు, తొడ కండరాలకు నేర్పిన వ్యాయామం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టింది.

తెలుగులో రాసిన అట్టముక్కను బియ్యం డబ్బా మూతకు అంటించాను. దాని నకలు పాతపట్నంలో అక్క దగ్గర ఉంది. సోడియం, క్రియాటినిన్ మళ్లీ చూడడానికి వచ్చే నెల మొదటి వారంలో రమ్మన్నారు, ఆ అంకెలు ఇక్కడే రాస్తాను.