సమస్యాపూరణం: మూడు పొద్దులు పొడిచెను ముంగిటందు

నిర్వాహకుడు, బసవనగుడి: పై సమస్య చివరి పాదంగా వచ్చేలా పద్యం పూరించాలి, ఈసారి తేటగీతిలో. ఒక్కటే షరతు, ఈమధ్య మీరు చదివిన ఫాంటసీ గానీ సైన్స్ ఫిక్షన్ గానీ పూరణకు ఆధారం కావాలి. ఆ పుస్తకం గురించి కూడా రెండు మాటలు రాయండి. బెంగళూరు చర్చ్ స్ట్రీట్ పుస్తకాల షాపుల నుంచి సంచులు నింపుకొచ్చేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు.

వైట్‌ఫీల్డ్ తమ్ముడు: లియు సిషిన్ రాసిన ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ చదివాను. చైనాలో పుస్తకంగా 2008లో వచ్చింది, కెన్ లియు ఇంగ్లిష్ అనువాదం 2014లో. మరుసటేడు సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు గెలిచింది. ఆఫీసు బస్సులో మొదలుపెట్టి, ఇంటికొచ్చాక కూడా వదల్లేకపోయాను.

చీన కథకుండు చెప్పిన చిత్రకథను
చదివి కన్నులు మూసితి సగము రేయి;
కలను వేఱొక లోకమ్ము కానిపించె,
మూడు పొద్దులు పొడిచెను ముంగిటందు.

నిర్వాహకుడు: గణాలు, యతులు కుదిరాయి తమ్ముడూ. ఎత్తుగడ కూడా హాయిగా ఉంది. కానీ కల అన్నాక ముప్పై సూర్యులు పొడిచినా కాదనేవారు ఉండరు. ఆ నవలలో మూడు సూర్యులు కల కాదు, అక్కడి ప్రకృతి. మూడు గోళాలు ఒకదాన్నొకటి లాగుతుంటే రేపు ఏది ఎటు పోతుందో చెప్పడం ఎంత కష్టమో, ఆ గ్రహవాసుల భయమంతా అందులోంచే పుట్టింది. పూరణ కూడా అక్కడి నుంచే రావాలని నా పట్టుదల.

మల్లేశ్వరం అక్క: నేనూ అదే పుస్తకం పట్టుకున్నాను.

ఎండ కోర్వక జనమెల్ల యెండిపోయి
చాప చుట్టలై కొట్టులో సర్దుకొనగ,
గణకు లెంచిన లెక్కలు కల్లలాయె!
మూడు పొద్దులు పొడిచెను ముంగిటందు.

ఒంట్లో నీరంతా వదిలేసి, చుట్టలుగా చుట్టుకుని, మంచికాలం కోసం ఎదురుచూసే ఆ మనుషులు నన్ను ఇంకా వదలడం లేదు.

నిర్వాహకుడు: అక్కా, ఇదీ పూరణ! పుస్తకం చదవనివారికి వింతగా ఉంటుంది, చదివినవారికి ఒళ్లు జలదరిస్తుంది. 3 కోట్ల మంది సైనికులను కంప్యూటరులా నిలబెట్టి సూర్యుల దారి లెక్కగట్టిస్తారే, అదంతా మూడో పాదంలో ఇమిడిపోయింది. ‘కల్లలాయె’ దగ్గర ఆగి, సమస్యాపాదంలోకి పడేసరికి గుండె ఝల్లుమంది.

జయనగర్ బాబాయి: బాగుందమ్మా. అయితే జనమంతా ఎండిపోతే ముంగిట్లో సూర్యులను చూసిందెవరు?

మల్లేశ్వరం అక్క: గణకులు మెలకువగానే ఉన్నారు కదండీ బాబాయిగారూ, లెక్క తప్పిందని ముందు తెలిసేది వాళ్లకే.

నిర్వాహకుడు: బాబాయిగారి ప్రశ్నలోనూ పస ఉంది. ‘పలువురు నెండిపోయి’ అంటే యతి చెడదు, గణకులూ మిగులుతారు.

జయనగర్ బాబాయి: నేను ఉర్సులా లెగ్విన్ 1969లో రాసిన ‘లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ మళ్లీ చదువుతున్నాను. ఇద్దరు స్లెడ్జి లాగుతూ మంచుమైదానం దాటే భాగం కోసమే. మంచుగ్రహం మనసులో ఉండగా తోచిన పద్యం.

మంచు పలకలఁ గిరణాలు మళ్ళి విరుగ
ఇనుని కిరువైపు లందున నింపుగాను
జంట రూపులు వెలుగొందెఁ జలిదినాన,
మూడు పొద్దులు పొడిచెను ముంగిటందు.

వైట్‌ఫీల్డ్ తమ్ముడు: ఇది నిజంగా జరుగుతుందా బాబాయ్?

జయనగర్ బాబాయి: జరుగుతుంది నాయనా. పైమబ్బుల్లో ఆరుపలకల మంచు స్ఫటికాలు ఉంటాయి. వాటిలో వెలుగు వంగి, సూర్యుడికి అటూ ఇటూ సుమారు 22 డిగ్రీల దూరంలో దొంగసూర్యులు కనిపిస్తాయి. 2021 మే 24న మన బెంగళూరు ఆకాశంలో సూర్యుడి చుట్టూ వలయం వచ్చింది గుర్తుందా? అదీ ఈ మంచు పనే.

మల్లేశ్వరం అక్క: కల అక్కర్లేకుండా, వేరే గ్రహం కూడా అక్కర్లేకుండా మూడు సూర్యులను తెచ్చారు, నాకు ఎంతో నచ్చింది. ‘ఇంపుగాను’ ఒక్కటే పాదం నింపడానికి వచ్చినట్టుంది. ‘లందున నీడుగాను’ అంటే సూర్యుడికి సాటిగా అన్న అర్థం వస్తుంది, యతీ నిలుస్తుంది.

జయనగర్ బాబాయి: అలాగే మార్చుకుంటానమ్మా.

వైట్‌ఫీల్డ్ తమ్ముడు: కల లేకుండా ఇంకో పూరణ రాస్తాను అన్నా. లెగ్విన్ పుస్తకం ఆదివారం కబ్బన్ పార్కుకు తెస్తారా బాబాయ్?

జయనగర్ బాబాయి: తెస్తాను. మంచుమైదానం దాకా తొందరపడకుండా చదువు.