అప్‌డేట్: షుగర్ ఉన్న నాన్నతో మాల్‌లో భోజనం

పోయిన వారం అడిగాను కదా, నాన్నని విశాఖ మద్దిలపాలెంలోని సీఎంఆర్ సెంట్రల్ మాల్‌కి తీసుకెళ్తే అక్కడి రెస్టారెంట్‌లో ఏం తినిపించాలని. నిన్న వెళ్లొచ్చాం. మీరు చెప్పినట్టే నాన్, రుమాలీ రోటీ మైదావని వదిలేసి గోధుమపిండి తందూరీ రోటీ ఒకటి, తందూరీ చేప, పప్పు చెప్పాం. రోటీకి వెన్న రాయొద్దని ముందే అడిగితే వెయిటర్ ఏమీ అనుకోలేదు. తందూరీ రోటీలోనూ కొన్నిచోట్ల మైదా కలుపుతారు, కనుక్కునే తీసుకోండి. సూప్ మానేశాం, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కగా చేస్తారని. నిమ్మసోడా పంచదార లేకుండా. రెండు గంటల తర్వాత చూస్తే షుగర్ 152! నేను పడ్డ టెన్షన్ అంతా పోయింది. నాన్న చాలా రోజులకి బయట కడుపునిండా తిన్నారు, మీ అందరికీ నిజంగా థాంక్స్.