ప్రీకాల్సినర్‌లో ఊక పెంచితే సీఓ (సరిగా కాలనప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్) ఎక్కువవుతోంది, ఏం చేయాలి?

మిర్యాలగూడ దగ్గర సిమెంట్ ప్లాంటులో ఎనర్జీ సెక్షన్ చూస్తున్నా. 2023లో కేంద్రం తెచ్చిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీములో మాకూ లక్ష్యం పడింది, టన్ను ఉత్పత్తికి ఇంతకంటే ఎక్కువ ఉద్గారాలు వస్తే సర్టిఫికెట్లు కొనాలి. సున్నపురాయి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడే సగానికి పైన, ఇంధనం మార్చినా అది తగ్గదు, అందుకే మిగిలిన దాంట్లోనైనా తగ్గిద్దామని ప్రీకాల్సినర్‌లో, అంటే కొలిమికి ముందు సున్నపురాయి పొడిని కాల్చే గదిలో, బొగ్గు బదులు ఇక్కడి రైసుమిల్లుల ఊక వేస్తున్నాం.

మొత్తం వేడిలో 8 శాతం వరకు ఇబ్బంది లేదు. 12కి పెంచితే అరగంటలో ప్రీహీటర్ (పొడిని ముందుగా వేడిచేసే టవర్) ఔట్‌లెట్ దగ్గర సీఓ 0.1 నుంచి 0.4 శాతానికి పోతోంది, కాల్సినర్ టెంపరేచర్ 860-900 డిగ్రీల మధ్య ఊగుతోంది. ఊకలో తేమ 10 శాతం లోపే. కాల్సినర్‌కి వేడిగాలి పంపే టెర్షరీ ఎయిర్ డ్యాంపర్ తెరిచాం, వాయువుల్ని బయటకు లాగే ఐడీ ఫ్యాన్ స్పీడు పెంచాం, బూడిదలో సిలికా ఎక్కువని రా మిక్స్ (ముడిపదార్థాల పాళ్లు) కూడా సర్దాం, తేడా లేదు. ఊకని లోపలికి వదిలే రోటరీ వాల్వ్ కింద చూస్తే మాత్రం ఊక ధారగా కాకుండా గుప్పెలు గుప్పెలుగా పడుతోంది.

సర్టిఫికెట్లు కొనేస్తే సరిపోతుందని పైవాళ్లు అంటున్నారు. అలా మొదలైతే ప్లాంటు ఇక మారదన్నదే నా టెన్షన్.

15 శాతం పైన ఊక నడిపినవాళ్లు చెప్పండి, కాల్సినర్‌లో ఏ ఎత్తులో, ఏ పద్ధతిలో ఫీడ్ చేశారు?