చోంగ్‌జిన్ తలుపులు తెరిస్తే వెళ్లవచ్చునా, వెళ్లకూడదా?

తీరయాత్రికుడు (చర్చను ప్రారంభించినవారు)

ఉత్తర కొరియా ఈశాన్య తీరంలో, చైనా, రష్యా సరిహద్దులకు చేరువలో ఉన్న చోంగ్‌జిన్ నగరం గురించి సభ్యుల అభిప్రాయాలు కోరుతున్నాను. 2008 జనగణన నాటికి సుమారు 6.68 లక్షల జనాభాతో, ప్యాంగ్‌యాంగ్, హామ్‌హుంగ్‌ల తరువాత అది ఆ దేశంలో మూడవ పెద్ద నగరం. జపాను పాలకులు రేవుగా పెంచి, ముసాన్ గనుల ఇనుప ఖనిజం ఆధారంగా ఉక్కు పరిశ్రమను నిలిపిన ఆ ఊరిని 1945 ఆగస్టులో సోవియట్ సేనలు సముద్రం మీదుగా దిగి స్వాధీనం చేసుకున్నాయి. కిమ్ చేక్ ఉక్కు కర్మాగారం, రేవు, ఓడల నిర్మాణ కేంద్రం నేటికీ అక్కడి బతుకుతెరువు.

2020 జనవరిలో సరిహద్దులు మూయక ముందు కూడా ఉత్తర కొరియా చూడవచ్చిన విదేశీయులలో అధికభాగం ప్యాంగ్‌యాంగ్, కేసాంగ్‌లతో సరిపెట్టుకునేవారు. చోంగ్‌జిన్ దాకా వెళ్లినవారు బహు కొద్దిమంది. 2024 ఫిబ్రవరిలో రష్యా బృందాలను రానిచ్చారు. 2025 ఫిబ్రవరిలో రాసోన్ ఆర్థిక మండలానికి పాశ్చాత్యులను అనుమతించి రెండు వారాలకే మళ్లీ ఆపివేశారు. అదే ఏడాది జులైలో వోన్సాన్-కల్మా సముద్రతీర విహారకేంద్రాన్ని ప్రారంభించి, మూడు వారాలు గడవక ముందే విదేశీయులకు తాత్కాలికంగా ప్రవేశం లేదన్నారు. ఇలా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్న తలుపు ఒకనాటికి చోంగ్‌జిన్ వైపు కూడా తెరుచుకోవచ్చు.

నా వాదన ఇది. ప్యాంగ్‌యాంగ్ ఆ ప్రభుత్వం ముస్తాబు చేసి చూపించే నగరం; కార్మికుల దేశమని చెప్పుకునేచోట కార్మికుల ఊరు చూడకుండా తిరిగి రావడం చూసినట్టు కాదు. ఐక్యరాజ్యసమితి ఆంక్షలు 2017లో ఇనుము, బొగ్గు, సముద్రపు ఉత్పత్తుల ఎగుమతిని నిషేధించాయే తప్ప పర్యటనను నిషేధించలేదు. బయటి మనిషిని చూడని సమాజానికి బయటి మనిషి కనిపించడమే ఒక మేలు అని నేను నమ్ముతున్నాను. కాదనేవారు కారణాలతో కాదనండి.

మైత్రేయి

తీరయాత్రికుడు గారూ, మీ మూడు కారణాలలో రెండవది చట్టానికి సంబంధించినది. దానితో నాకు పేచీ లేదు. నిషేధం లేనిదంతా చేయదగినది కాదని మాత్రం అంటాను.

మొదటి కారణం సంగతి చూద్దాం. చోంగ్‌జిన్‌లో కార్మికుల ఊరిని చూస్తామంటున్నారు. అక్కడికి వెళ్లిన బృందాల కార్యక్రమాలలో కనిపించేవి ఏవి? పోహాంగ్ కూడలిలోని నాయకుల విగ్రహాలు, ఎలక్ట్రానిక్ గ్రంథాలయం, కిండర్‌గార్టెన్‌లో పిల్లల ఆటపాటలు. నగరంలో జనం నిజంగా కొనుక్కుని తినే సూనాం సంత ఆ జాబితాలో ఉండదు. 1990ల మధ్యలో రేషను వ్యవస్థ కుప్పకూలి లక్షల మంది ఆకలితో మరణించినప్పుడు, పొలాలు తక్కువ, కర్మాగారాలు ఎక్కువ అయిన ఆ ఈశాన్య ప్రాంతమే తీవ్రంగా దెబ్బతిన్నది. జీతం ఇవ్వలేని కర్మాగారానికి భర్త హాజరు వేయించుకోవడానికి వెళ్తుంటే, భార్య సంతలో ఏదో ఒకటి అమ్మి ఇంటిని నిలబెట్టింది. ఆ నగరం చరిత్ర అంటే అది. దానిని చూపించని పర్యటనను మీరు ప్యాంగ్‌యాంగ్ పర్యటన కంటే నిజమైనదని ఎలా అంటారు?

ఇంకొక విషయం. 2014 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం తన నివేదికలో, ఆ దేశపు రాజకీయ ఖైదీల శిబిరాలలో 80,000 నుండి 1,20,000 మంది ఉన్నారని అంచనా వేసింది. అందులో పేర్కొన్న 25వ నంబరు శిబిరం చోంగ్‌జిన్ నగర పరిధిలోనే ఉంది. ఆ ఊరికి పోయి, విగ్రహాల ముందు పూలు పెట్టి, వంగి నమస్కరించి, ఆ పర్యటన కోసం ప్రభుత్వ సంస్థకు విదేశీ మారకద్రవ్యం చెల్లించి రావడాన్ని పరిచయం పెంచుకోవడం అని నేను అనలేను.

ఉక్కునగరవాసి

మాది విశాఖ ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్. మైత్రేయి గారి ఆవేదనను గౌరవిస్తూనే ఒక చిన్న మాట. సందర్శకుల మీద ఆంక్షలు ఉన్నంత మాత్రాన ఏ ఊరూ దోషి కాదు. మా ప్లాంటులోకి గేటు పాసు లేకుండా బంధువును కూడా తీసుకుపోలేము. నౌకాదళం పరిధిలో కెమెరా బయటికి తీస్తే ఎవరైనా ఆపుతారు. ఉక్కు, ఓడలు, సైన్యం ఒకచోట కలిసిన తీరప్రాంతం ఏ దేశంలోనైనా ఇలాగే ఉంటుంది. అందుచేత కర్మాగారం చూపించలేదని, బస్సులోంచి ఫొటోలు తీయనివ్వలేదని చేసే ఫిర్యాదులను ఈ చర్చ నుండి తీసివేయడం మంచిది.

తేడా మరోచోట ఉందని నా అభిప్రాయం. 1966లో ఈ ప్లాంటు కోసం జనం వీధుల్లోకి వచ్చి ప్రాణాలు ఇచ్చారు. 2021 నుండి ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా కార్మికులు శిబిరాలు వేసి కూర్చున్నారు. వాళ్లు కూర్చున్నది గేటు బయట, ఎవరైనా వచ్చి మాట్లాడగలిగేచోట. చోంగ్‌జిన్ కార్మికుడు జీతం రాలేదని గేటు ముందు కూర్చోగలడా? పక్క జిల్లాకు పోవాలన్నా ప్రయాణ అనుమతి పత్రం కావలసిన మనిషి అతడు. పర్యాటకుడి మీద ఉన్న ఆంక్ష రెండు మూడు రోజులది. అక్కడివారి మీద ఉన్నది జీవితకాలానిది. మనం మొదటిదాని గురించే ఎక్కువగా మాట్లాడుకుంటున్నామని నాకు అనిపిస్తోంది.

పాత ప్రయాణికుడు

కోవిడ్‌కు ముందు నేను భారతీయ పాస్‌పోర్టు మీద చోంగ్‌జిన్ వెళ్లి వచ్చాను కనుక కొంత వివరంగా రాస్తాను. చైనాలోని తుమెన్ వద్ద నది దాటి, నామ్‌యాంగ్, హోర్యోంగ్‌ల మీదుగా బస్సులో ఆ నగరం చేరాము. మా చిన్న బృందానికి ఇద్దరు గైడ్లు, ఒక డ్రైవరు. ఒక గైడు మాకు దారి చూపడానికి అయితే రెండవ గైడు మొదటి గైడును చూడడానికి అని వెళ్లినవారందరూ అనుకునే మాటే. అందులో అతిశయోక్తి ఎంతో తేల్చడం నాకు అవసరం అనిపించలేదు.

మైత్రేయి గారు చెప్పిన కార్యక్రమమే జరిగింది. పిల్లల ప్రదర్శన గురించి మాత్రం ఒక మాట చేర్చాలి. పెదవులకు రంగు వేసి, జారిపోని చిరునవ్వుతో, తమకంటే బరువైన అకార్డియన్ మోస్తూ వాయించే అయిదారేళ్ల పిల్లలను చూస్తున్నప్పుడు చప్పట్లు కొట్టాలో మానాలో తెలియలేదు. మా బృందంలోని కొందరు ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు. ఉక్కు కర్మాగారాన్ని దూరం నుండి చూశాము. కొన్ని గొట్టాల నుండి పొగ వస్తోంది, కొన్నింటి నుండి రావడం లేదు. ట్రామ్ బండ్లు నడుస్తున్నాయి. హోటలు దాటి స్వంతంగా అడుగు బయట పెట్టే ప్రశ్నే లేదు.

నేను వెళ్లక ముందు నన్ను వేధించిన ప్రశ్న డబ్బు. పాశ్చాత్య పర్యాటకులు ఏటా 5,000 మంది దాకా వచ్చేవారని విరివిగా చెప్పే అంచనా. ఆయుధ కార్యక్రమం నడిపే ఒక రాజ్యపు ఖజానాకు ఆ సొమ్ము పెద్ద లెక్కలోనిది కాదు. వెళ్లి వచ్చాక ఆ ప్రశ్న వెనక్కి పోయింది. మా బృందంలో ఒకాయన, వద్దని రెండుసార్లు చెప్పినా, రోడ్డు పక్కన బండి లాగుతున్న సైనికుల ఫొటోను బస్సు కిటికీలోంచి తీశాడు. గైడు కేకలు వేయలేదు. సాయంత్రం భోజనాల తరువాత పక్కకు పిలిచి, ఆ ఫొటోను చెరిపివేయమని బతిమాలాడు. సరిహద్దు దగ్గర కెమెరాలు తెరిచి చూస్తారని మాకు అప్పటికే తెలుసు. ఆ ఫొటో అక్కడ దొరికితే ఫొటో తీసిన మనిషి కొద్ది గంటలు ఆలస్యంగా ఇంటికి వెళ్లేవాడేమో. జవాబు చెప్పుకోవలసింది మాత్రం వెనక మిగిలిపోయే గైడు. కనుక ఈ చర్చలో "అక్కడికి వెళ్లడం నాకు ప్రమాదమా?" అన్న ప్రశ్న కంటే "నేను వెళ్లడం ఎవరికి ప్రమాదం?" అన్నది ముందు వేసుకోవలసిన ప్రశ్న.

అయితే అదే గైడు మరునాడు బస్సులో, మీ దేశంలో ఉక్కు కార్మికులకు ఇళ్లు ఎవరు ఇస్తారని నన్ను అడిగాడు. క్వార్టర్స్ పద్ధతి, బయట అద్దెకు ఉండేవారి సంగతి, కాంట్రాక్టు కార్మికులకు అవి దక్కకపోవడం చెప్పాను. అతడు శ్రద్ధగా విని, కాంట్రాక్టు కార్మికుడంటే ఏమిటో మళ్లీ అడిగాడు. ఆ కాసేపు సంభాషణ కారణంగానే, వెళ్లవద్దని ఖండితంగా చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

డాలస్ బాబాయి

మా ఇంట్లో ఈ ప్రశ్నకు చట్టమే జవాబు చెప్పేసింది. ఓటో వార్మ్‌బియర్ అనే విద్యార్థిని 2016 జనవరిలో ప్యాంగ్‌యాంగ్‌లో నిర్బంధించి, ఒక ప్రచార పోస్టరు దొంగిలించబోయాడన్న ఆరోపణపై 15 ఏళ్ల కఠిన శిక్ష వేశారు. 2017 జూన్‌లో స్పృహ లేని స్థితిలో ఇంటికి పంపితే కొద్ది రోజులకే మరణించాడు. ఆ ఏడాది సెప్టెంబరు నుండి అమెరికా పాస్‌పోర్టుతో ఆ దేశానికి పోవడానికి, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప, వీలులేదు. పౌరసత్వం మార్చుకున్న నేను పోలేను. గుంటూరులో ఉన్న మా తమ్ముడి కొడుకు పోగలడు. వాడికి మాత్రం ఒకటే చెప్పాను: రేపు అమెరికా వీసా దరఖాస్తులో గత అయిదేళ్లలో తిరిగిన దేశాలు రాయమంటారు, అక్కడ దాచకూడదు, రాశాక వచ్చే ప్రశ్నలకు సిద్ధంగా ఉండాలి.

తీరయాత్రికుడు

పాత ప్రయాణికుడు గారి అనుభవం ఈ చర్చకు చాలా విలువైనది. అయితే దాని నుండి రెండు దారులు బయలుదేరుతున్నాయి. గైడుకు ప్రమాదం కనుక వెళ్లవద్దనడం ఒకటి. ప్రమాదం తెచ్చేలా ప్రవర్తించకుండా వెళ్లమనడం మరొకటి. మొదటి దారి పట్టితే, 2020 తరువాత అయిదేళ్లపాటు విదేశీయులు దాదాపు రాని కాలంలో ఆ గైడ్లకు మేలు జరిగిందని ఒప్పుకోవలసి వస్తుంది. భాషలు నేర్చి, బయటివారితో పని చేయడమే వృత్తిగా పెట్టుకున్నవారు అప్పుడు ఆ పని లేకుండా ఉన్నారు. దానిని రక్షణ అనగలమా?

అంతేకాక, కరువు కాలంలో ప్రపంచ ఆహార కార్యక్రమం చోంగ్‌జిన్‌లోనే ఉప కార్యాలయం నడిపింది. ప్రభుత్వం గీసిన గీతల మధ్యనే, అనుమతించిన చోట్లకే వెళ్తూ వారు పని చేశారు. షరతులకు లోబడి వెళ్లడం దానంతట అదే తప్పయితే వారినీ తప్పుపట్టాలి.

మైత్రేయి

వారిని తప్పుపట్టను, ఎందుకంటే వారు బస్తాలతో వెళ్లారు. షరతులకు లోబడినందుకు బదులుగా చోంగ్‌జిన్ పిల్లలకు తిండి చేరింది. మీరు షరతులకు లోబడితే బదులుగా చోంగ్‌జిన్‌కు చేరేది ఏమిటన్నదే నా ప్రశ్న. అనుభవం మీకు చేరుతుంది, డబ్బు ప్రభుత్వానికి చేరుతుంది. గైడుకు ఒక సంభాషణ చేరిందని పాత ప్రయాణికుడు గారు అన్నారు. దానిని నేను తక్కువ చేయను, కానీ దాని ఖరీదులో ఆ కిండర్‌గార్టెన్ పిల్లల సాధన గంటలు కూడా కలిసి ఉన్నాయి. చూసేవాళ్లు రాకపోతే ఆ చిరునవ్వును అంతగా సాధన చేయించవలసిన అవసరం తగ్గుతుంది.

"వెళ్తేనే తెలుస్తుంది" అన్న మాట కూడా చోంగ్‌జిన్ విషయంలో నిలవదు. 2025 మే 21న అక్కడి ఓడల నిర్మాణ కేంద్రంలో కొత్త యుద్ధనౌకను నీటిలోకి దించుతుండగా, కిమ్ జోంగ్ ఉన్ కళ్లముందే అది ఒరిగిపోయింది. నీలిరంగు పట్టాలు కప్పిన ఆ ఓడను ప్రపంచం ఉపగ్రహ చిత్రాలలో చూసింది. బాధ్యులని అధికారులను నిర్బంధించిన సంగతి వారి ప్రభుత్వ వార్తాసంస్థే చెప్పింది. ఆ రోజు నగరంలో పర్యాటకుడు ఉన్నా గ్రంథాలయంలో కంప్యూటర్లు చూస్తూ ఉండేవాడు.

ఉక్కునగరవాసి

ఆ వార్త చదివినప్పుడు నాకు ఓడ కంటే దానిని కట్టిన వెల్డర్లు, క్రేను ఆపరేటర్లు గుర్తుకు వచ్చారు. పనిలో తప్పు జరిగితే మా దగ్గర విచారణ, మెమో, యూనియన్ జోక్యం ఉంటాయి. అక్కడ దేశాధినేత అదే రోజున దానిని నేరమన్నాడు. తీరయాత్రికుడు గారూ, మీరు ఆ ఊరికి వెళ్తే ఆ వెల్డర్లలో ఒక్కరితోనైనా మాట్లాడగలిగే అవకాశం ఉందా? లేదని తెలిసీ వెళ్తారా?

తీరయాత్రికుడు

ఉండదు. అందుకే నా వైఖరిని కొంత సవరించుకుని చెబుతాను. మళ్లీ అనుమతులు వస్తే ముందుగా రాసోన్‌ను ఎంచుకుంటాను. అది 1991 నుండి ప్రత్యేక ఆర్థిక మండలం. అక్కడి సంతలోకి విదేశీయులను పోనిచ్చిన సందర్భాలు ఉన్నాయి, బ్యాంకులో స్థానిక వోన్‌లు మార్చుకుని ఖర్చు చేసినవారు ఉన్నారు. అమ్మే మనిషి చేతికి నేరుగా డబ్బు అందే అవకాశం ఆ దేశంలో మరెక్కడా అంతగా లేదు. చోంగ్‌జిన్ విషయంలో పర్యాటక సంస్థకు రెండు షరతులు పెడతాను: పిల్లల ప్రదర్శన కార్యక్రమంలో ఉండకూడదు, బృందంలో ప్రతివారూ ఫొటోల నియమాన్ని ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మొదటిది వారి చేతిలో లేదని సంస్థ అంటే నేను ఆ ప్రయాణం మానుకుంటాను.

పాత ప్రయాణికుడు

మొదటి షరతును వారు ఒప్పుకోరు. మా బృందంలో ఒకావిడ కిండర్‌గార్టెన్‌కు రానని, బస్సులోనే కూర్చుంటానని అడిగింది. ఒకరు తగ్గితే లోపల లెక్క చెప్పాలని గైడు అన్నాడు. ఆవిడ దిగి వచ్చింది.