'ఉమ్మడి'లో ఉన్నది ఏ మడి?

అరసున్న: రెండ్రోజులుగా ఒక సామెత నోట్లో నానుతోంది, పూర్తిగా రావట్లేదు. "ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది" అనా, "పొత్తుల గొర్రె" అనా? పేపర్లో ఉమ్మడి పౌర స్మృతి అన్న హెడ్డింగు చూసినప్పట్నుంచీ ఇదే గోల. దాని గురించి చెప్పే రాజ్యాంగం 44వ అధికరణంలో ఇంగ్లీషు మాట యూనిఫామ్, అంటే అందరికీ ఒకే తీరు. ఉమ్మడి అంటే నాకు తెలిసి పంచుకోకుండా ఉంచేసింది, బావి ఉమ్మడి, గోడ ఉమ్మడి. ఒకే తీరు అన్న అర్థం దానికి ఎప్పుడొచ్చిందండీ?

లాయరుబాబాయి: గొర్రె సంగతి నాకు తెలీదు గానీ తమాషా చూడండి. పెళ్ళి, విడాకులు, దత్తత, వీలునామా, ఉమ్మడి కుటుంబం, ఇవన్నీ కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చెయ్యగల ఉమ్మడి జాబితాలో 5వ అంశం. వాటి మీద తేవాలంటున్నది ఉమ్మడి పౌర స్మృతి. ఇంగ్లీషులో జాయింట్, కాంకరెంట్, యూనిఫామ్ అని మూడు మాటలు, మనకి మూడింటికీ ఒకటే గొడుగు. ఉత్తరాఖండ్ 2024లో సొంతంగా చట్టం చేసుకుందంటే ఆ జాబితా ఉమ్మడి కావడం వల్లే. అందులోనూ గిరిజనుల్ని పక్కన పెట్టారు, మరి ఏకరూపం ఎక్కడ?

బండిఱ: ముందు మాట లోపలికి వెళ్ళండి సార్. ఇమ్మడి అంటే రెండింతలు, ముమ్మడి అంటే మూడింతలు ఉన్నాయిగా, ఆ వరసలోదే ఇదీ. ఒక మడి, ఒమ్మడి, ఉమ్మడి. ఒకటే అన్న అర్థం అందులోనే ఉంది.

పాతపుస్తకం: ఒ కాస్తా ఉ ఎలా అయిందో చెప్పకుండా గోడ దూకేశారు. ఇరులో ఇ ఇమ్మడిలో భద్రంగా ఉంది, మూడులో దీర్ఘం పోయింది గానీ అచ్చు మారలేదు. మీ ఒకటికి మాత్రమే అంత కష్టం ఎందుకొచ్చిందో. నా మటుకు అది వరిమడే, మధ్యలో గట్టు తీసేసిన మడి.

బండిఱ: మరి ముందున్న ఉమ్ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

చిట్టిగువ్వ: గట్టు అంటే గుర్తొచ్చింది, మా నాన్న ఒకసారి రెండు మళ్ళు కలిపారు, గట్టు తీసేశాక పై మడిలో నీళ్ళు నిలవలా, కింది మడి మునిగింది, ఆ ఏడాదంతా చదును చెయ్యడంతోనే సరి. అది సరే, మీరంతా ఉమ్మడి మీద పడ్డారు, నాకు స్మృతి దగ్గర గుచ్చుకుంటోంది. అన్ని మతాలకీ కలిపి చేసే చట్టానికి మనువు వాసన వచ్చే పేరేంటి? సంహిత నయం కదా, శిక్షాస్మృతి పోయి 2024 జూలై 1 నుంచి న్యాయ సంహిత వచ్చిందిగా.

పాతపుస్తకం: ఋగ్వేద సంహిత అన్నప్పుడు అది ఏ మతందమ్మా 🙂 స్మృతి మీద అంత కోపం వద్దు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అని వ్యాఖ్య రాస్తే, దాన్ని 13వ శతాబ్దంలోనే మన కేతన తెలుగు పద్యాల్లో పెట్టాడు. వ్యవహారం అంటే కోర్టు గొడవ అని తెలియాలంటే ఆయన్ని చదవాలి. ఆంధ్రభాషాభూషణం పేరు చెప్పి వ్యాకరణం రాసినవాడని పక్కన పెట్టేస్తారు గానీ, అటు దశకుమారచరిత్ర కథలు, ఇటు చట్టం, మధ్యలో వ్యాకరణం, ఇంకెవరున్నారు చెప్పండి అలాంటివాడు? నేనైతే తిక్కన పక్కనే కుర్చీ వేస్తా.

బండిఱ: దశకుమారచరిత్ర అంకితమిచ్చింది తిక్కనకే, కుర్చీ ఆయనే వేసుకున్నాడు.

లాయరుబాబాయి: మితాక్షర అనగానే మళ్ళీ ఉమ్మడి దగ్గరికే వచ్చాం. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే కొడుక్కి హక్కు అన్నది అక్కడిది. బెంగాల్లో దాయభాగం, తండ్రి పోయాకే వాటా. కేరళ అయితే 1975లో ఉమ్మడి హిందూ కుటుంబాన్నే చట్టం చేసి రద్దు చేసింది. గోవాలో పోర్చుగీసువాళ్ళ 1867 నాటి కోడు. మతం ఒకటే అయినా తీరు ఒకటి కాదు.

చిట్టిగువ్వ: మా ఇంట్లోనే చూడండి. ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. పెద్దత్త పెళ్ళి 1984, చిన్నత్తది 1987. దేశమంతటికీ వచ్చింది 2005లో, అప్పటికే మావాళ్ళ పంపకాలు అయిపోయాయి. పెద్దత్తకి ఒక చీర పెట్టి కాగితం మీద సంతకం తీసుకున్నారు, ఆ చీర ఇంకా మడత విప్పలేదు.

గ్రూపుకాపలా: పార్టీల పేర్లు వస్తే కామెంట్లు ఆపేస్తా, ముందే చెప్తున్నా.

పాతపుస్తకం: పార్టీ కాదు గానీ ఒక మాట, కలిసున్నన్నాళ్ళూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అని ఎవరన్నా అన్నారా? విడిపోయాకే మనకి అది ఉమ్మడి అయింది.

లాయరుబాబాయి: బాగుంది ఇది. 1948 నవంబరు 23న రాజ్యాంగ సభలో ఈ పౌర స్మృతి మీద వాదన నడిచినప్పుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యరు, మున్షీ దాన్ని సమర్థిస్తూ ఒక పక్క, మద్రాసు నుంచి మహమ్మద్ ఇస్మాయిల్, పోకర్ సాహెబ్ ఇంకో పక్క. మొదట ఒప్పుకుని ముందుకొచ్చినవాళ్ళకే వర్తించేలా చెయ్యొచ్చు అని అంబేడ్కర్ అన్నారు. అలాగైతే అది ఉమ్మడీ కాదు, ఏకరూపమూ కాదు. ఇష్టపడ్డవాళ్ళు కలిసేదాన్ని పొత్తు అంటాం.

అరసున్న: అమ్మయ్య, పొత్తు దగ్గరికొచ్చాం. ఇంతకీ పొత్తుల గొర్రేనా, ఉమ్మడి గొర్రేనా?

చిట్టిగువ్వ: మావైపు గొర్రె కాదండీ, "పొత్తుల మగడు పుచ్చి చచ్చాడు."

బండిఱ: ముందు గొఱ్ఱె అని సరిగ్గా రాయండి, తర్వాత చెప్తా.