అమ్మ ఇచ్చే కానుక కవరు మీద ఏం రాయాలి?

పెరంబూరు అక్క:
అందరికీ వందనాలు. విషయం పెద్దదే గానీ నా ప్రశ్న ఒక కవరు దగ్గర ఆగిపోయింది.

మాది గుంటూరు దగ్గర ఊరు. నాన్న ఐసీఎఫ్‌లో (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) ఫిట్టరుగా చేరి మద్రాసులో స్థిరపడ్డారు. తాతల నాటి నుంచి లూథరన్ క్రైస్తవులం. మా తెలుగు సంఘంలో ఇంట్లో పెళ్లి కుదిరితే కృతజ్ఞత కానుక కవరులో పెట్టి పైన కారణం రాసిస్తాం. అయ్యగారు (మా పాస్టరు) చదువుతారు, సంఘమంతా ఆమేన్ అంటుంది.

మా తమ్ముడు టొరంటోలో ఉంటాడు. ఆగస్టులో పెళ్లి. చేసుకునేది అబ్బాయిని. అక్కడ 2005 నుంచి దేశమంతటా చట్టం ఉంది. యునైటెడ్ చర్చ్ ఆఫ్ కెనడా వాళ్ల గుడిలోనే ప్రమాణాలు. అమ్మకు రెండేళ్ల కిందటే చెప్పాడు. ఆరు నెలలు వాడితో మాట్లాడలేదు. తరవాత ఒకరోజు ఆ అబ్బాయి ఫోన్‌లో తెలుగు నేర్చుకుని "వండనాలు అమ్మా" అన్నాడు. "ఏం వండుతావురా" అని అమ్మ నవ్వేసింది. అంతే, ఇప్పుడు వారం వారం వాళ్లిద్దరికే మాటలు.

ఇప్పుడు కవరు ఇస్తానంటోంది. "నీ పెళ్లికి ఇచ్చాను, వాడి పెళ్లికి ఇవ్వకపోతే దేవుడికేం జవాబు చెప్పను?" అంటుంది. రెండు వేలు పెట్టి అంటించేసింది కూడా. పైన రాయడం మాత్రం నా వంతట, తన చెయ్యి వణుకుతుందట. నాకూ వణుకుతోంది, వేరే కారణానికి.

పురుషుడు తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకుంటాడనే ఆదికాండము 2:24 నా పెళ్లిలోనే చదివారు. వాడిది తప్పు అనడానికి నాకు నోరు రాదు, ఒప్పు అని గుడిలో నిలబడి చెప్పే గుండే లేదు. ఏం రాయమంటారు? "విడుదల ప్రార్థనకు తీసుకెళ్లండి" అని మాత్రం దయచేసి అనకండి. పదేళ్ల కిందట ఒకచోట ఆ ముచ్చటా అయింది. మూడు రోజులు పస్తు పెట్టి నెత్తిన నూనె రాశారు. వాడు ఆ తరవాత ఏడాది పాటు గుడి మెట్లెక్కలేదు.

బెజవాడ అంకుల్ (ఇప్పుడు మారతహళ్లి):
అమ్మా, నా మాట నీకు నచ్చకపోవచ్చు. మత్తయి 19లో ప్రభువు వివాహం గురించి అడిగితే ఆదినుంచి పురుషునిగాను స్త్రీనిగాను చేసినవాడు అని మొదలుపెట్టాడు. దాన్ని దాటి వెళ్లే అధికారం నాకైతే కనబడదు. మీ తమ్ముణ్ణి ఇంటికి రానివ్వు, అన్నం పెట్టు, ఆ అబ్బాయికీ పెట్టు. కానీ కవరు వేరే సంగతి. చదివాక నూటయాభై మంది ఆమేన్ అంటారు. దేనికి అంటున్నారో తెలియకుండా వాళ్ల చేత అనిపించడం న్యాయమా? అది నన్ను నిజంగా బాధపెడుతోంది.

థియాలజీ పిల్లవాడు, బెంగళూరు:
అంకుల్ చివరి మాట నాకూ తగిలింది. వాక్యం విషయంలో మాత్రం ఒకటి చెప్పాలి. ఎవరైనా పౌలు రాసిన 1 కొరింథీ 6:9 తీస్తారు, దేవుని రాజ్యానికి వారసులు కానివాళ్ల జాబితా అది: "ఆడంగితనము గలవారు", "పురుష సంయోగులు". మొదటిదానికి గ్రీకులో "మలకోయి", అంటే మెత్తనివాళ్లు. మత్తయి 11:8లో "సన్నపు బట్టలు" అన్నచోట కూడా ఇదే మాట. రెండోది "అర్సెనోకోయితాయి", మగ, పడక అనే రెండు ముక్కలు కలిపిన మాట. పౌలుకు ముందు ఎవరూ వాడిన దాఖలా దొరకలేదు. లేవీయకాండము 20:13 గ్రీకు అనువాదంలో ఆ రెండు ముక్కలూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి పౌలు అక్కడినుంచే అతికాడని సంప్రదాయ పక్షం అంటుంది. అది తేలిగ్గా కొట్టేసే వాదన కాదు. అవతలివాళ్లేమో పౌలు చూసింది బానిస కుర్రాళ్లనూ డబ్బిచ్చి తెచ్చుకున్నవాళ్లనూ వాడుకోవడం, జీవితాంతం కలిసుంటామని ప్రమాణం చేసే జంటను కాదు అంటారు. నేను రెండో పక్షం వైపు ఒరుగుతాను, కానీ పరీక్షలో మార్కులు మొదటిదానికి రాసే తెచ్చుకున్నా.

మీరు లూథరన్లు కాబట్టి ఒక సంగతి. 1842లో గుంటూరుకు మిషనరీ హేయర్ దొరగారిని పంపింది అమెరికా లూథరన్లే కదా. వాళ్ల వారసులైన ఈఎల్‌సీఏ (అమెరికాలోని ఎవాంజెలికల్ లూథరన్ చర్చి) 2009లో మిన్నియాపొలిస్ సభలో ఇలాంటి జంటలను గుర్తించాలనుకునే సంఘాలకు దారి ఇచ్చింది, అలా కలిసుంటున్నవాళ్లు పాస్టర్లు కావడానికీ ఒప్పుకుంది. అంతా ఒప్పుకోలేదు, చాలా సంఘాలు విడిపోయాయి.

శాంథోమ్ మేరీ:
మా కథోలికులది ఇంకో తిప్పలు. 2023 డిసెంబర్ 18న వాటికన్ ఇచ్చిన పత్రం ప్రకారం జంటగా వచ్చి అడిగితే ఫాదర్ దీవించొచ్చు. కానీ అది పెళ్లిలా కనపడకూడదు, పెళ్లి బట్టలు ఉండకూడదు. వివాహం స్త్రీపురుషులకే అన్న బోధ మారలేదు. ఆఫ్రికా బిషప్పులు ఆ దీవెన కూడా మా దగ్గర కుదరదన్నారు. అక్కా, వాళ్లు ఇక్కడికొచ్చి స్థిరపడితే మాత్రం మన చట్టంలో ఆ పెళ్లి చెల్లదు. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు అది పార్లమెంటు పని అని వదిలేసింది. ఇంటి అద్దె, బ్యాంకు నామినీ ముందే చూసుకోమనండి. ఎవరైనా మళ్లీ నూనె సీసా పట్టుకొస్తే, మనిషిని వైద్యంతో మార్చే ప్రయత్నాలు ఆపాలని 2021 జూన్‌లో మన మద్రాసు హైకోర్టే చెప్పిందని గుర్తుచేయండి.

పెరంబూరు అక్క:
నిన్న ఆదివారం అయిపోయింది. నేను రాయలేదు. పొద్దున్నే లేచి చూస్తే అమ్మే వంకర అక్షరాలతో రాసేసుకుంది: "నా చిన్నవాడు ఒక ఇంటివాడు అవుతున్నందుకు." ఇన్నాళ్లూ ఆ మాట నాకెందుకు తట్టలేదో.

అయ్యగారు చదివారు, అందరూ ఆమేన్ అన్నారు. అంకుల్, మీ మాట గుర్తొచ్చి నా చెవులు వేడెక్కాయి. ఆరాధన అయ్యాక బయట టీ గ్లాసులు అందిస్తుంటే స్త్రీల సమాజం సెక్రెటరీ గారు "అమ్మాయిది ఏ ఊరు వదినా?" అన్నారు. అమ్మ గ్లాసు కింద పెట్టి, "అమ్మాయి కాదు వదినా, అబ్బాయి. హాలిఫాక్స్‌ట, సముద్రం పక్కన" అంది. ఆవిడ టీ తాగడం ఆపలేదు, ఇంకేం అడగనూ లేదు. పక్కన ఇద్దరు మాత్రం గ్లాసులు పెట్టేసి వెళ్లిపోయారు.

రాత్రి నుంచి ఫోన్లు. బుధవారం అయ్యగారు, ఇద్దరు పెద్దలు ఇంటికొస్తామన్నారు. అమ్మేమో ఎంతమందికి వండాలో కనుక్కోమంటోంది.